క్యామ్ మారిస్తే అంబాసిడర్ ఎగురుతుందా?

పాత బండ్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. నాన్నగారి 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 ఇప్పుడు నా దగ్గర ఉంది. ఒరిజినల్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఒకే ఎస్‌యూ కార్బురేటర్. నిరుడు బోర్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాను. ఊళ్లో బాగానే నడుస్తుంది కానీ నెల్లూరు వెళ్లేటప్పుడు హైవే మీద 80 దాటితే పుల్లింగ్ ఉండదు, లారీని దాటాలంటే టెన్షన్. ఒక ఫ్రెండ్ ఇంగ్లండ్ నుంచి 285 డిగ్రీల క్యామ్‌షాఫ్ట్ తెప్పిస్తానంటున్నాడు. పుదుపేటలో ఒక లేత్ షాపాయనేమో ఉన్న క్యామ్‌నే గ్రైండ్ చేసి "రేసింగ్ క్యామ్" చేసిస్తానంటున్నాడు. రెండింటిలో ఏది మంచిది? పవర్ ఎంత పెరుగుతుంది సార్?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రెండూ వద్దండీ. క్యామ్ అంటే ఇంజిన్ వాల్వులను తెరిచి మూయించే కడ్డీ, దాని సంగతి తర్వాత చెబుతాను. అసలు మీ ఉత్తరంలో నన్ను ఆపింది క్యామ్ కాదు, ఆ 80. మంచి కండిషన్‌లో ఉన్న 1489 సీసీ అంబాసిడర్, ఏ మార్పూ చేయకుండానే, ఖాళీ రోడ్డు దొరికితే 100 దాటాలి. మీది 80 దగ్గరే ఆయాసపడుతోందంటే మీకు కావలసింది ఎక్కువ పవర్ కాదు, ఉండాల్సిన పవర్ ఎక్కడ పోతోందో కనుక్కోవడం. ఆ లోపం అలాగే ఉంచి దాని మీద ఫారిన్ క్యామ్ వేస్తే డబ్బు పోతుంది, లారీ మాత్రం ముందే ఉంటుంది.

బోర్ చేయించినప్పుడు క్యామ్ చూశారా? మన దగ్గర ఓవర్‌హాల్ అంటే బోరు, పిస్టన్లు, బేరింగులు, వాల్వులు అంతే. క్యామ్‌ని గుడ్డతో తుడిచి మళ్లీ లోపల పెట్టేస్తారు. యాభై ఏళ్లు తిరిగిన క్యామ్ మీద లోబ్ (వాల్వ్‌ను తోసే ఉబ్బు) ముక్కు అరిగిపోయి ఉంటుంది, వాల్వ్ సగమే తెరుచుకుంటుంది, బయటికి ఏమీ కనిపించదు, శబ్దం కూడా రాదు. ఇది పట్టుకోవడం తేలికే. ప్లగ్గులు తీసేయండి, రాకర్ అడ్జస్టర్ వదులు చేసి రాకర్‌ను పక్కకు జరపండి, పుష్‌రాడ్ (క్యామ్ కదలికను పైన రాకర్‌కు అందించే కడ్డీ) తల మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. ముల్లు ఎంత పైకి లేచిందో రాసుకోండి. ఎనిమిది పుష్‌రాడ్‌లకూ ఇదే చేయండి. ఒకటి రెండు లోబ్‌లు మిగతావాటికంటే 0.3 మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తే మీ దొంగ దొరికినట్టే. గేజ్ మీ మెకానిక్ దగ్గర లేకపోతే మంచి లేత్ షాపులో ఉంటుంది.

దానితోపాటు ఇంకో రెండు మూడు చూడండి. ఒక మనిషిని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని చెప్పి, మీరు బానెట్ దగ్గర నిలబడి కార్బురేటర్ బటర్‌ఫ్లై (గాలిని వదిలే రేకు) నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. లింకేజీ అరిగి ముప్పావు వంతే తెరుచుకునే బండ్లు చాలా ఉన్నాయి, వాటి ఓనర్లు ఏళ్ల తరబడి ఇంజిన్‌ను తిడుతూ ఉంటారు. డిస్ట్రిబ్యూటర్ లోపల బరువులు తుప్పు పట్టి బిగుసుకుపోతే స్పీడ్‌తోపాటు ఇగ్నిషన్ ముందుకు జరగదు, అప్పుడూ సరిగ్గా ఇలాగే 80 దగ్గర చచ్చిపోతుంది. ఎస్‌యూ డాష్‌పాట్‌లో ఆయిల్ ఉందా అన్నది కూడా. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుని ఇప్పుడు క్యామ్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఎలాగూ లోబ్‌లు అరిగి ఉంటే కొత్తది వేయాలి కదా, వేసేదేదో సరైనది వేద్దాం.

ఆ డిగ్రీలు ఏమిటో ముందు చూడండి. ఎంజీబీ స్పోర్ట్స్ కారు మీ ఇంజిన్ కుటుంబానిదే, బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి బి-సిరీస్. దాని కంపెనీ క్యామ్ ఇన్లెట్ వాల్వ్‌ను పిస్టన్ పైకి చేరడానికి, క్రాంక్ తిరిగే లెక్కలో, 16 డిగ్రీల ముందు తెరిచి, పిస్టన్ కిందికి వచ్చిన తర్వాత ఇంకో 56 డిగ్రీలకు మూస్తుంది. 16, మధ్యలో 180, తర్వాత 56, మొత్తం 252. అదీ డ్యూరేషన్ అంటే. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో స్పోర్ట్స్ కారని అమ్మిన బండికి 252 డిగ్రీల క్యామ్! ఇప్పుడు మీ ఫ్రెండ్ మీ ఫ్యామిలీ బండికి 285 అంటున్నాడు. (క్యాటలాగులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: కొందరు వాల్వ్ సీటు వదిలిన క్షణం నుంచి లెక్కపెడతారు, కొందరు 0.050 అంగుళం లేచాక లెక్కపెడతారు. ఒకే క్యామ్‌కి రెండు పద్ధతుల్లో నలభై యాభై డిగ్రీల తేడా వస్తుంది. ఏ లెక్కో అడగకుండా రెండు క్యామ్‌లను పోల్చకండి.)

డ్యూరేషన్ పెరిగితే ఏమవుతుంది? వాల్వ్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎంలో గాలి లోపలికి రావడానికి టైం దొరుకుతుంది, పైన పవర్ పెరుగుతుంది. కానీ తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ పైకి వస్తుంటే ఇన్లెట్ ఇంకా మూసుకోలేదు, లోపలికి వచ్చిన మిశ్రమాన్ని పిస్టనే మళ్లీ కార్బురేటర్ వైపు నెట్టేస్తుంది. అంటే క్యామ్ కొత్త బలం తయారు చేయదు, ఉన్న బలాన్ని పై ఆర్‌పీఎం వైపు జరుపుతుంది. మీ అంబాసిడర్ టాప్ గేర్‌లో 80 వేగానికి సుమారు 3000 ఆర్‌పీఎం తిరుగుతుంది. లారీని దాటేటప్పుడు మీకు బలం కావలసింది అక్కడ, 2500 నుంచి 4000 మధ్య. 285 క్యామ్ అక్కడ బద్ధకించి ఇంకా పైకి వెళ్లాకే లేస్తుంది. అంత పైకి మీరు ఎప్పుడు వెళ్తారు? వెళ్లకూడదు కూడా. ఇది 88.9 మిల్లీమీటర్ల పొడుగు స్ట్రోక్, మూడే మెయిన్ బేరింగులున్న క్రాంక్. ఎంజీబీ ఇంజిన్‌కు ఐదు బేరింగుల క్రాంక్ పెట్టింది 1964లో. మీది ఆ ముందరి డిజైన్, దాన్ని రోజూ 6000 తిప్పడం మంచిది కాదు.

ఇంకో చిక్కు మీ హెడ్‌లోనే (సిలిండర్ల పై మూతలోనే) ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మీ నాలుగు సిలిండర్లకు ఇన్లెట్ పోర్టులు రెండే. ఒకటీ రెండూ సిలిండర్లు ఒక పోర్టు పంచుకుంటాయి, మూడూ నాలుగూ ఇంకోటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి రెండో సిలిండర్ పీల్చడం మొదలెట్టిన 180 డిగ్రీలకే ఒకటో సిలిండర్ అదే పోర్టు నుంచి పీల్చడం మొదలెడుతుంది. 252 క్యామ్‌తో ఆ రెండు వాల్వులూ 72 డిగ్రీల సేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. 285తో అది 105 అవుతుంది. వెనక వచ్చినవాడు ముందువాడి విస్తట్లోంచి లాక్కుంటున్నట్టే, ఒక సిలిండర్‌కు పెట్రోల్ ఎక్కువ, పక్కదానికి తక్కువ. మీ మెకానిక్ కార్బురేటర్ నీడిల్ ఎన్ని మార్చినా నాలుగు ప్లగ్గుల రంగు ఒకేలా రాదు. విడివిడి పోర్టులున్న ఇంజిన్లకు రాసిన క్యామ్ సలహాలు మన బి-సిరీస్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇక కంప్రెషన్. ఇన్లెట్ ఆలస్యంగా మూసుకుంటే అసలు నొక్కే పని ఆలస్యంగా మొదలవుతుంది, అందుకే పెద్ద క్యామ్‌కు హెడ్ కంప్రెషన్ పెంచి ఆ నష్టం పూడుస్తారు. మీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 372 సీసీ. పిస్టన్ పైన ఉన్నప్పుడు మిగిలే ఖాళీ, గాస్కెట్‌తో సహా, 57 సీసీ ఉంటే కంప్రెషన్ రేషియో దాదాపు 7.5. అదే ఖాళీని 50కి దించితే 8.4 అవుతుంది. ఆ 7 సీసీ మామూలు రోడ్డు క్యామ్ కంటే మీకు ఎక్కువ పికప్ ఇస్తుంది, అదీ మీరు నడిపే ఆర్‌పీఎంలోనే. బ్యూరెట్‌తో నూనె పోసి కొలవమనండి, అంచనాగా హెడ్ గీకించకండి. మామూలు పెట్రోల్‌తో, మే నెల చెన్నై ఎండలో, 9 దాటకండి, నాకింగ్ (పెట్రోల్ ముందే పేలి తట్టుడు శబ్దం) వస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు మిశ్రమం పల్చబడుతుంది, కాబట్టి కొంచెం రిచ్ నీడిల్ కావాలి, పాత రబ్బరు పైపులూ పంపు డయాఫ్రమూ మార్చేయాలి. హెడ్ ఎలాగూ దించుతారు కదా, అప్పుడే ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు గట్టివి వేయించండి. సీసం పెట్రోల్ 2000లోనే పోయింది, మెత్తటి పాత సీట్లు హైవే స్పీడ్‌లో కుంగిపోతాయి.

కాబట్టి వరుస ఇది. ముందు పైన చెప్పిన లోపాలు, తర్వాత హెడ్, కంప్రెషన్, తర్వాత అడ్డం లేని ఎగ్జాస్ట్, ఆ తర్వాత కొంచెం పెద్ద ఎస్‌యూ లేదా రెండు ఎస్‌యూలు, చివర క్యామ్. ఆ క్యామ్ సీటు లెక్కలో 255 నుంచి 265 మధ్య ఉంటే చాలు. పవర్ ఎంత అంటారా, 1955లో వచ్చిన ఎంజీఏ కారులో ఉన్నది ఇదే 1489 సీసీ. రెండు ఎస్‌యూలతో మొదట 68, తర్వాత 72 హార్స్‌పవర్ ఇచ్చింది. మీది కంపెనీ నుంచి వచ్చినప్పుడు 50 ప్రాంతం. అన్ని పనులూ చేస్తే 60 పైన ఆశించవచ్చు. క్యామ్ ఒక్కటే మారిస్తే సీట్లో కూర్చుని గుర్తుపట్టడం కష్టం.

కొనేముందు మరో సంగతి. మీ పెట్రోల్ పంపు మెకానికల్, క్యామ్ మీద ఉన్న ఒక ఎక్సెంట్రిక్ (ఒక పక్కకు ఉబ్బిన గుండ్రటి భాగం) దాన్ని కొడుతుంది. ఎంజీ బండ్లకు కరెంటు పంపు కాబట్టి వాటికి చేసిన క్యామ్‌ల మీద అది లేకపోవచ్చు. ఆర్డర్ ఇచ్చేముందు ఫోటో తెప్పించుకుని చూడండి. లేకపోతే ఎలక్ట్రిక్ పంపు ఖర్చు కూడా కలుపుకోండి.

పుదుపేట గ్రైండింగ్ మాట. గ్రైండ్ చేయడం తప్పు కాదు, మంచి ప్రొఫైల్ మాస్టర్ (లోబ్ ఆకారానికి నమూనా) ఉన్న మెషిన్ మీద చేసి, మళ్లీ గట్టిదనం చేయిస్తే బాగానే పనిచేస్తుంది. కానీ క్యామ్ మీద ఉన్న లోహం పెరగదు కదా, లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) పెంచాలంటే లోబ్ వెనక భాగాన్ని, అంటే బేస్ సర్కిల్‌ను చిన్నది చేయాలి. లోబ్ మీద ఆనే టాపెట్ కిందికి దిగుతుంది, పుష్‌రాడ్ పొడవు చాలదు, రాకర్ కోణం మారుతుంది, పైగా గట్టి పొర గీకేశారు. ఆయన్ను రెండే అడగండి: ఏ మాస్టర్ మీద గ్రైండ్ చేస్తారు, తర్వాత హార్డ్‌నెస్ ఎంత ఉంటుంది. "అదంతా నాకు వదిలేయండి సార్" అంటే బయటికి వచ్చేయండి.

ప్రశ్న: నా ప్రీమియర్ పద్మినికి కొత్త క్యామ్ వేయించాను. రెండు నెలలకే టకటక శబ్దం, పవర్ తగ్గింది. విప్పితే రెండు లోబ్‌లు గుండ్రంగా అరిగిపోయాయి. క్యామ్ నాసిరకమని మెకానిక్ అంటున్నాడు. పాత టాపెట్లే వాడాడు. వారంటీ అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కోడంబాకం

జవాబు: అడిగి చూడండి, కానీ మీ ఉత్తరంలోనే కారణం రాసేశారు: "పాత టాపెట్లే వాడాడు." ఇలాంటి ఇంజిన్లలో టాపెట్ అడుగు చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ కాదు, ఒక వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది. లోబ్ కూడా ఒక పక్కకు కాస్త వాలుగా గ్రైండ్ చేస్తారు. ఈ రెండింటివల్లే టాపెట్ పైకీ కిందికీ పోతూ తన చుట్టూ తాను తిరుగుతుంది, ఒకే చోట రాపిడి పడదు. పాత టాపెట్ పాత లోబ్‌తో కలిసి అరిగి మధ్యలో గుంట పడి ఉంటుంది. దాన్ని కొత్త లోబ్ మీద పెడితే తిరగదు, ఒకే గీత మీద గీకుతుంది. ఇక క్యామ్ ఎక్కడ తయారైతేనేం.

మళ్లీ వేసేటప్పుడు కొత్త టాపెట్లు తప్పనిసరి. లోబ్‌లకూ టాపెట్ అడుగులకూ మాలిబ్డినం పేస్ట్ దట్టంగా పూయాలి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్‌లో వదలకూడదు. మనవాళ్లంతా చేసేది అదే, స్టార్ట్ చేసి మెల్లగా తిరగనిచ్చి టీకి వెళ్తారు. ఆ మొదటి ఇరవై నిమిషాలు 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య, అటూ ఇటూ మారుస్తూ, ఆపకుండా తిప్పాలి, ఎందుకంటే లోబ్‌ల మీదికి నూనె వచ్చేది ఎక్కువగా క్రాంక్ తిరుగుతూ చిమ్మితేనే. అందుకే స్టార్ట్ చేయకముందే రేడియేటర్ నింపి, ఇగ్నిషన్ టైమింగ్ సరిగ్గా పెట్టి, కార్బురేటర్‌లో పెట్రోల్ ఉండేలా చూసుకోవాలి, అది స్టార్ట్ కాక పది నిమిషాలు సెల్ఫ్ కొట్టారంటే పేస్ట్ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. గట్టి వాల్వ్ స్ప్రింగులు కూడా కొత్తవి వేస్తుంటే ఆ ఇరవై నిమిషాలు పాత స్ప్రింగులతోనే నడిపించడం మంచిది.

ఆయిల్ సంగతి. కొత్త కార్లకు వచ్చే పల్చటి ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం జింక్, ఫాస్ఫరస్ తగ్గించారు. మన టాపెట్లకు ఆ జింకే కవచం. ఖరీదైన సింథటిక్ కొనకండి, జింక్ ఎక్కువ ఉన్న మామూలు 20డబ్ల్యూ-50 తీసుకోండి, మొదటి ఐదు వందల కిలోమీటర్లకు మార్చేయండి. పాత సంప్ (ఇంజిన్ అడుగు నూనె తొట్టి) కడిగారా? ఆ రెండు లోబ్‌ల ఇనుపరజను అంతా అక్కడే, బేరింగుల్లోనే ఉంటుంది.

ప్రశ్న: టైమింగ్ చైన్ వీల్స్ మీద చుక్కలు ఎదురెదురుగా పెడితే క్యామ్ సరిగ్గా కూర్చున్నట్టే కదా? డిగ్రీ వీల్ పెట్టి కొలవాలని ఎవరో అన్నారు, అది రేసు బండ్లకు కాదా?
– ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: కంపెనీ క్యామ్, కొత్త చైన్ అయితే చుక్కలు చాలు. మార్చిన క్యామ్‌కు చాలవు. కీ గాడిలో, చైన్ వీల్‌లో, గ్రైండింగ్‌లో కొంచెం కొంచెం తేడాలు కలిసి నాలుగైదు డిగ్రీలు తప్పవచ్చు, అంతకే కింద పుల్లింగ్ పోతుంది. పని కష్టం కాదు. క్రాంక్ పుల్లీకి డిగ్రీ చక్రం బిగించి, ప్లగ్ రంధ్రంలో ఆపుడు బోల్టు పెట్టి ఒకటో పిస్టన్ కచ్చితమైన పై స్థానం కనుక్కోండి. తర్వాత ఇన్లెట్ పుష్‌రాడ్ మీద డయల్ గేజ్ పెట్టి, పూర్తి లిఫ్ట్‌కు 0.5 మిల్లీమీటర్లు ముందు చక్రం ఎంత చూపిస్తుందో, దాటాక 0.5 దిగినప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఒకటి 80, రెండోది 132 వచ్చాయనుకోండి, కలిపి సగం చేస్తే 106, పూర్తి లిఫ్ట్ అసలు చోటు అదే. క్యామ్‌తో వచ్చిన కాగితం మీద 106 ఉంటే బిగించేయండి, 110 ఉంటే నాలుగు డిగ్రీల ఆఫ్‌సెట్ కీ వేయాలి. పూర్తి లిఫ్ట్ దగ్గర ముల్లు కాసేపు కదలకుండా నిలబడుతుంది, అందుకే కళ్లతో "ఇదే పైన" అని నమ్మకూడదు, రెండు పక్కలా కొలిచి సగం చేయాలి.

లిఫ్ట్ ఎక్కువ ఉన్న క్యామ్ అయితే హెడ్ బిగించేముందు పిస్టన్ మీద పిల్లల ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి, హెడ్ తాత్కాలికంగా కూర్చోబెట్టి, రెండు చుట్లు చేత్తో తిప్పి, హెడ్ తీసి ఆ ముద్దను కోసి మందం చూడండి. ఇన్లెట్ దగ్గర 2, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మిల్లీమీటర్లకు తక్కువైతే ముందుకు పోకండి.

ప్రశ్న: మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాది, 948 సీసీ, 1968. షోలవరం రేసుల్లో హెరాల్డ్‌లు పరుగెత్తేవని మామయ్య చెబుతుంటారు. దానికి అలాంటి క్యామ్ వేయించాలని ఉంది. అలాగే వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించాలి. రెండూ కుదురుతాయా?
– ఒక పాఠకురాలు, తాంబరం

జవాబు: షోలవరం పాత రన్‌వే, పొడుగ్గా తిన్నగా ఉండేది, అక్కడ పై ఆర్‌పీఎంలో నిలబడే క్యామ్‌కు పని ఉండేది. మీ తాంబరం, జీఎస్టీ రోడ్డు సిగ్నళ్లలో దానికి పని లేదమ్మా. 948 సీసీలో కింద ఉన్న కాస్త బలం కూడా పోతే ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ కాల్చుకుంటూ కదలాలి. ఐడ్లింగ్‌లో హైడ్రోకార్బన్లు పెరుగుతాయి కాబట్టి పొల్యూషన్ టెస్టులోనూ ఇబ్బంది. పాత పెట్రోల్ కార్లకు పరిమితి 1500 పీపీఎం, పెద్ద ఓవర్‌ల్యాప్ ఉన్న, అంటే ఇన్లెట్, ఎగ్జాస్ట్ వాల్వులను ఎక్కువసేపు కలిపి తెరిచి ఉంచే క్యామ్ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది.

రిజిస్ట్రేషన్ మాటకొస్తే, 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ కిందికి వస్తుంది, కానీ చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ తిప్పడానికీ వీలుండదు. క్యామ్ లోపల ఉంటుంది, ఎవరికి కనిపిస్తుంది అనుకోవచ్చు. నా మాట వినండి, పాతదాని కొలతలే ఉన్న కొత్త క్యామ్, కొత్త టాపెట్లు వేయించి, తీసిన ఒరిజినల్‌కు నూనె పూసి మైనపు కాగితంలో చుట్టి, వంగకుండా నిలువుగా వేలాడదీసి దాచండి. హెరాల్డ్‌కు ముందు బానెట్ అంతా ఒకేసారి ముందుకు ఒరుగుతుంది, చక్రం మీద కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు, కాబట్టి లేబర్ ఎక్కువ అడిగితే బేరమాడండి.